మైదానంలో మెట్లు

దవాఖాన సూపరింటెండెంటు గారికి,

నిన్న మాదాపూర్ నుంచి తల పగిలి మీ క్యాజువాలిటీకి వచ్చిన కృపానందం ప్రార్థన సభలకు పందిళ్లు వేసే మనిషి. సభ కోసం ఖాళీ మైదానాన్ని టేపుతో కొలుస్తుంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మా భూములు కాజేసే దళారీ అనుకొని మా బస్తీవాళ్లు అరవై మంది మీదపడి కొట్టారు. మీ డాక్టరు పదకొండు కుట్లు చక్కగా వేశారు. నా కోపమంతా మీ రిజిస్టరు మీద.

"ఎవరు కొట్టిండ్రు?" అన్నాడు మీ గుమాస్తా.

"గుంపు" అన్నాను.

"గుంపుకు తండ్రి పేరేంది? ఒక్క పేరు చెప్పు తమ్మీ, జల్ది. ఎనుక లైనుంది."

నేను వెనక్కి తిరిగి లైను వైపు చూశాను. "పేరు లేదంటే పడ్డట్టే" అంటూ ఆయన 'మెట్ల మీద జారిపడ్డాడు' అని రాసి ముద్ర కొట్టాడు. మైదానంలో మెట్లెక్కడివి మహాశయా? స్టేషనుకు పోతే ఎస్సై నవ్వాడు: "ఇగ మెట్లను అరెస్టు చెయ్యమంటవా?"

కేసు లేదు కనుక మా బస్తీకి కృపానందం ఇప్పటికీ దళారీయే. మళ్లీ టేపు పట్టుకొని వస్తే మళ్లీ కొడతారు.

కాబట్టి ఆ రాతను సరిదిద్దాలని డిమాండ్ చేస్తున్నాను. 'టేపు పట్టినవాడే ప్రజాశత్రువు' అని కరపత్రం రాసి పంచింది నేను. మొదటి దెబ్బా నాదే. అతని సంచిలోంచి ప్రార్థన సభ కరపత్రాలు జారిపడ్డాక ఆటో పిలిచిందీ నేనే.

నా పేరు, తండ్రి పేరు కింద రాస్తున్నాను. మెట్లను కొట్టేసి ఆ చోట నన్ను రాయండి.