స్టిక్కర్ వేసిన కంప్యూటర్

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. రెండో మాటకే "సరేలే, తర్వాత చూద్దాం" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే అడ్డు రాలేవు కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ఇవాళ ఆ పెళ్లికూతురు స్టూడియోకి వచ్చి "మా వీడియో ఇంకా కాలేదా?" అని అడిగితే ఏమన్నావు? "మా చెల్లెలికి చెయ్యి నెమ్మదండీ. ఇంటి మనిషి కదా, ఏమనగలను!" అన్నావు. నవ్వుతూ అన్నావు. కర్టెన్ వెనక ఎడిటింగ్ గదిలో నేనున్నానని తెలిసే అన్నావు. సాయంత్రం వచ్చి, రేపట్నుంచి కొత్త ఎడిటర్ వస్తున్నాడు, నువ్వు కౌంటర్లో కూర్చో అని చల్లగా చెప్పి పోయావు. ఒళ్లు మండిపోయింది. ఆ కుర్చీలో కూర్చుని నేను కోసి అతికించిన పెళ్లి వీడియోలు చూసే కదా నీ స్టూడియోకి పేరొచ్చింది?

నా చెయ్యి నెమ్మది కాదు. వేసవిలో దుమ్ము దులుపుతానని నువ్వు నా కంప్యూటర్ విప్పావు చూడు, నెమ్మదించింది అప్పుడే, అదీ కంప్యూటరే. అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకోమన్నావు, పెట్టుకున్నాను. పాపం దానికి సొంత మెమరీ ఉండదు. కంప్యూటరంతా వాడుకునే మెమరీ, అదే ర్యామ్, అందులోంచే తీసుకోవాలి, బొమ్మ చూపించడానికి ప్రతిసారీ అక్కడికే పరిగెత్తాలి. అందుకే రెండు ర్యామ్ ముక్కల్నీ ఒకటి విడిచి ఒక స్లాట్లో పెడతారు. అప్పుడు రెండు దారులు తెరుచుకుంటాయి. నువ్వేం చేశావు? చూడ్డానికి ముచ్చటగా ఉందని రెండింటినీ పక్కపక్కన గుచ్చి మూత బిగించావు. ఉన్న పనంతా ఒక్క దారిన పడి కొట్టుకుంటోంది. విడిగా కార్డున్న కంప్యూటరైతే ఇంత తెలిసేది కాదేమో. దీనికైతే ప్రాణం మీదికొచ్చింది. పెళ్లికూతురు తలెత్తి చూసేలోపు బొమ్మ మూడుసార్లు ఆగిపోతుంది. ఎక్కడ కొయ్యను, నా తలకాయ!

ఎన్నిసార్లు చెప్పాను నీకు? స్క్రీన్ మీద "సింగిల్" అని, అంటే ఒక్క దారే తెరిచుందని పడితే పిలిచి మరీ చూపించాను. "నాకు పాఠాలు చెప్పకు" అన్నావు. పోనీ నేనే మార్చుకుందామంటే మూతల మీద నీ సంతకం పెట్టిన స్టిక్కర్లు! అవి చిరిగితే ఊరుకోనని అందరి ముందూ హెచ్చరించావు. వదిన చెప్పినా వినలేదు.

నేను కౌంటర్లో కూర్చోను. రేపట్నుంచి రాను. ఆ మూత విప్పించి చూడు. తప్పు నాదైతే జన్మలో ఆ గది గడప తొక్కను. కాకపోతే నువ్వే పిలువు, వస్తాను.

నీ చెల్లెలు

*

చిట్టీ,

ఎంత కోపమే నీకు! ఉత్తరం చదువుతుంటే చేతులు కాలాయి. సరే, నువ్వే గెలిచావు, సంతోషమా?

కొత్తాయన పొద్దున వచ్చి నీ కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా బయటికొచ్చి "ఇది మనిషి పని కాదు సార్, లోపల ఏదో తేడా ఉంది" అన్నాడు. సరేనని వెంటనే మెకానిక్‌ని పిలిపించి, స్టిక్కర్ నేనే పీకాను. మెకానిక్ ఒక ముక్క తీసి అవతలి స్లాట్లో పెట్టాడు, అంతే. చిటికెలో పని. ఇప్పుడు వీడియో నీళ్లలా పోతోంది. అచ్చం నువ్వు చెప్పినట్టే ఉంది సుమా!

కొత్తాయన్ని వేరే కంప్యూటర్ దగ్గర కూర్చోబెడతాను. నీ కుర్చీ నీదే. మీ వదిన రెండ్రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అలక మానేసి వచ్చెయ్.

అన్నయ్య

*

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి బట్టలు ఆరేస్తున్నాను. "నువ్వే గెలిచావు" అన్నదాకా చదివి బకెట్ అక్కడే వదిలేశాను. నిజం చెప్తున్నాను, చీర మార్చుకుని, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ మిగతాది చదివాను.

మళ్లీ లోపలికొచ్చి కూర్చున్నాను.

కొత్తాయన ఒక్క పూట కూర్చుని ఒక్క మాట అన్నాడు, నువ్వు మెకానిక్‌ని పిలిచావు. ఆయన నీకు స్క్రీన్ చూపించలేదు, ర్యామ్ అనలేదు, స్లాట్ అనలేదు. "ఏదో తేడా" అన్నాడు, అంతే. దానికే నీ స్టిక్కర్ నువ్వే పీకావు. ఆయన చెయ్యి నెమ్మదేమోనని నీకు ఒక్క క్షణమైనా అనిపించిందా? నేను వేసవినుంచీ అదే మాట, పేరూ ఊరూ చెప్పి మరీ అంటే నీ చెవికెక్కలేదు. ఇంకా నయం, ఆయన రాకపోతే నేను కౌంటర్లో కూర్చుని నా చెయ్యే చెడిందని నమ్మేదాన్ని. కొన్నాళ్లు నమ్మాను కూడా. ఇంట్లో వేళ్లు చూసుకుని ఏడ్చాను, నీకు తెలీదు.

కంప్యూటర్ బాగుపడింది, సంతోషం. దాని కోసమే అయితే ఇప్పుడే వచ్చేదాన్ని. కానీ రేపు ఇంకోటి చెడుతుంది. అప్పుడూ నేను చెప్తాను, నువ్వు నవ్వుతావు, ఇంకొకాయన వచ్చి అదే మాట అనేదాకా నేను కూర్చోవాలి. నావల్ల కాదు.

నువ్వు పిలిస్తే వస్తానన్నాను. పిలిచావు. అయినా రావడం లేదు, మాట తప్పానని అందరికీ చెప్పుకో. వదినకు మాత్రం ఈ ఉత్తరం చూపించు.

ఆ పెళ్లికూతురి వీడియోలో చివరి పాట దగ్గర వాళ్ల నాన్న కళ్లు తుడుచుకుంటాడు. కొత్తాయన తొందరలో అది కోసేస్తాడేమో, కొయ్యొద్దని చెప్పు. నువ్వు చెప్తే వింటాడు.

చెల్లెలు