దుప్పటి కప్పిన బోర్డు

జూన్ 14, గురువారం
విడిభాగాల స్టోరు, మధ్యాహ్నం

చిరంజీవి గడుగ్గాయికి,

అమ్మ దీవించి రాసేది. ఉత్తరమన్నాక ఉభయకుశలోపరితో మొదలుపెట్టాలని చిన్నప్పుడు మీ అమ్మమ్మ నాకు నేర్పింది. ఇక్కడ నా వంతు కుశలమే. అక్కడ నీ వంతూ, అమ్మమ్మ మోకాళ్ళ వంతూ కుశలమని తలుస్తాను. రెండు మోకాళ్ళూ కాకపోయినా ఆవిడ మంచిదని చెప్పుకునే ఆ ఎడమదైనా కులాసాగా ఉంటే చాలు.

ఫోన్లో చెప్పకుండా ఉత్తరమేమిటని మొహం చిట్లిస్తావు, నాకు తెలుసు. మా ఫోన్లు గేటు దగ్గర లాకర్లో ఉంటాయి. చదువు కోసం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో కాలేజీ సైటు తప్ప ఇంకేదీ తెరుచుకోదు. ఆదివారం ఇచ్చే పది నిమిషాల్లో తొమ్మిది నువ్వే మాట్లాడతావు. మొన్న ఆదివారం రిజల్టు వచ్చిందా అని నువ్వు మూడుసార్లు అడిగావు, నేను మూడుసార్లూ తిన్నావా అని అడిగాను. కాగితం మీదైతే నువ్వు అడ్డు తగలవు, నేను మాట దాటేయను.

నాకు కంగారుగా ఉంది. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. పరీక్షై పదకొండు రోజులైంది. రోజుకు ఆరుసార్లు ఆ పేజీ తెరుస్తున్నాను. నా నంబరు ఎదురుగా ‘పరిశీలనలో ఉంది’ అని ఉంటోంది. మిగతావాళ్ళవన్నీ వచ్చేశాయట. మా బ్యారక్‌లో పక్క మంచం అమ్మాయి వైర్‌లెస్ చూస్తుంది, దానికి నోటికి తాళం ఉండదు. గుడ్ల మీద కోడి కూడా నీ అంత ఆత్రంగా కూర్చోదక్కా అని ఆటపట్టిస్తోంది. నిన్న స్టోరులో క్లచ్ ప్లేట్లు అడిగిన డ్రైవరుకు బ్రేకు లైనింగులు ఇచ్చి పంపాను. అతను తిరిగొచ్చి, మేడం, బండి కదలాలా ఆగాలా ముందు తేల్చండి అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో నా చేతి మీదుగా తప్పు సామాను పోవడం ఇదే మొదలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, స్టోరు లోపలికి వెళ్ళి కాసేపు ఆ టైర్ల మధ్యే నిలబడిపోయాను.

దేని కోసం ఇంత గుబులో నీకు కొత్తగా చెప్పాలా? ఆగస్టు ముప్పై ఒకటితో నా సర్వీసు అయిపోతుంది. మార్చి సెలవులో వచ్చినప్పుడు మీ ఊరి ఆస్పత్రిలో ఇంటర్వ్యూకు వెళ్ళానుగా. స్టోర్స్ అధికారి పోస్టు. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళుగా రెండు వందల బళ్ళకు విడిభాగాలు చూస్తున్నానంటే ముగ్గురూ మర్యాదగా తలూపారు. వానాకాలం రోడ్లు తెగిపోయినప్పుడు కూడా ఒక్క బండీ నా వల్ల ఆగలేదంటే ఇంకా మర్యాదగా తలూపారు. అప్పుడు మధ్యలో ఉన్నావిడ, ఏం చదివారని అడిగింది. సరఫరాల నిర్వహణలో ఆన్‌లైన్ మాస్టర్స్, జూన్‌లో చివరి పరీక్ష అన్నాను. ఆవిడ వెంటనే పెన్ను తీసి రాసుకుంది. జూలై పదిహేనులోగా సర్టిఫికెట్ తెస్తే పోస్టు మీదేనంది.

నువ్వు పాకే వయసులో నేను యూనిఫారం వేసుకున్నాను. నీ మొదటి పన్ను ఊడిన సంగతీ, నువ్వు స్కూల్లో బెంచీ మీద నుంచి పడ్డ సంగతీ, నీకు కళ్ళజోడు వచ్చిన సంగతీ నాకు ఉత్తరాల్లోనే తెలిశాయి. మీ అమ్మమ్మ దస్తూరీలోనే నువ్వు పెరిగావు. ఆస్పత్రి నుంచి మీ కాలేజీకి రెండు స్టాపులు. ఆ వీధి చివర మేడ మీద రెండు గదులు మనిద్దరం కలిసే చూశాం కదా. కిటికీ ఉన్న గది నాకని నువ్వు, నాకని నేను మెట్ల మీదే తగువు పెట్టుకుంటే ఇంటాయన, ముందు చేరండమ్మా, తర్వాత కొట్టుకుందురు గాని అన్నాడు. సెప్టెంబరు నుంచి మనకోసం ఖాళీగా ఉంచుతానన్నాడు. ఈ చదువంతా ఆ రెండు గదుల కోసమే, తల్లీ. ఆ మాట ఎవరైనా అడిగితే ఒప్పుకోను, నీతో మాత్రం చెబుతున్నాను.

డిగ్రీ రాకపోతే ఏం చేయాలో కూడా ఇక్కడివాళ్ళు సిద్ధం చేసిపెట్టారు. ఇంకో రెండేళ్ళు కొనసాగుతానని ఒక కాగితం ఉంటుంది. నెలాఖరులోగా సంతకం పెట్టాలి, లేదా వద్దని రాయాలి. పెడితే కొండల వైపు కొత్త స్టోరుకు పంపుతారట. దాన్ని డ్రాయర్లో బోర్లించి పెట్టాను, మొహం కనబడకుండా.

అయినా రెండు గదుల కోసమే అన్నది పూర్తిగా నిజం కాదేమో. మొదటి వ్యాసం గుర్తుందా? నేను మా అలవాటు కొద్దీ ఒకటి ఉద్దేశం, రెండు పరిస్థితి, మూడు చర్య అని నంబర్లు వేసి ఒక పేజీలో ముగించాను. ప్రొఫెసరు కింద రాశాడు, అంతా బాగుంది, ఇందులో మీ అభిప్రాయం ఎక్కడని. నేను నిజాయితీగా, మా ఉద్యోగంలో అది అడగరు సార్ అని జవాబు పంపాను. నువ్వు ఫోన్లో పొట్ట పట్టుకుని నవ్వావు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు. పెళ్ళిలో గానీ, కొలువులో గానీ, నీ అభిప్రాయమేమిటని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. మొహం కూడా చూడలేదు ఆయన్ను.

తర్వాత అభిప్రాయాలు ఊరికే ఉండలేదు. మా దగ్గర ఒక్కో బండి ఒక గాలి ఫిల్టరు కోసం నాలుగు రోజులు వర్క్‌షాపులో పడి ఉండేది. ఫిల్టర్లు స్టోరులో ఉంటాయి, అడిగే కాగితానికి ఐదు సంతకాలు కావాలి. ఎన్నేళ్ళుగానో అది నా కళ్ళ ముందే ఉంది, వాన పడుతున్నట్టు చూస్తూ కూర్చున్నాను. మూడో సెమిస్టరులో పని ఎక్కడ ఆగి వరుసలు పెరుగుతాయో చెప్పే పాఠం చదివాక, ఏ చీటీ ఏ బల్ల మీద ఎంతసేపు నిద్రపోతోందో నెల రోజులు రాసుకున్నాను. పట్టుకెళ్ళి మా పెద్దసారుకు చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, మూడు సంతకాలు కొట్టేశాడు. ఇప్పుడు బండి ఒక్క రోజులో బయటికి పోతోంది. యూనిఫారం వేసుకుని చదవడం దండగ అన్నవాళ్ళకు నేను చెప్పేది ఆ ఒక్క ఫిల్టరు గురించే. అది చూశాకే పెద్దసారు నా చివరి పరీక్షకు గది తానే చూపిస్తానన్నాడు.

ఆ గది సంగతి రాస్తాను. పరీక్షకు మనిషి ఒంటరిగా ఉండాలి, నెట్ తెగకూడదు. మా బ్యారక్‌లో ఎనిమిది మందిమి. గట్టి లైను ఉన్నది బళ్ళ కదలికలు చూసే గదిలోనే. ఆదివారం పొద్దున అక్కడ ఎవరూ ఉండరు, కూర్చో అన్నాడు పెద్దసారు. ఒక బల్ల, కుర్చీ, ఇనుప బీరువా, గోడకు బోల్టులు బిగించిన పెద్ద బోర్డు. ఏ బళ్ళు ఏ రోజు ఏ దారిన పోతాయో దాని మీద రాస్తారు. బయటివాళ్ళ కంట పడకూడనిది కాబట్టి నా దుప్పటి తెచ్చి నాలుగు మూలలా కట్టేశాను. మా లెక్కలో కప్పి ఉన్నదంటే జాగ్రత్తగా ఉన్నదని అర్థం. పరీక్ష పెట్టేవాళ్ళ లెక్కలో కప్పి ఉన్నదంటే ఏదో దాచారని అర్థం. ఇంత చదివిన దాన్ని, ఆ ముక్క నాకు తట్టలేదు.

తొమ్మిదింటికి తెర మీద ఇన్విజిలేటర్ అమ్మాయి గొంతు వచ్చింది. మనిషి కనబడదు. గుర్తింపు కార్డు చూపించమంది, చూపించాను. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని గది చుట్టూ తిప్పమంది. తిప్పుతూ వస్తే దుప్పటి దగ్గర ఆపమంది. దాని వెనక ఏముందని అడిగింది. గోడ అన్నాను. తీయండి అంది. ఇది మా పని చేసే చోటమ్మా, తీయకూడదన్నాను. గదిలో కప్పిన వస్తువేదైనా ఉంటే పరీక్ష మొదలుపెట్టే వీల్లేదు, అది మా నియమం అంది. గొంతు వింటే నీ కంటే రెండేళ్ళు పెద్దదేమో. కటువుగా లేదు పాపం. ఇద్దరం కాసేపు నియమాలు చెప్పుకున్నాం.

సరే, ఆ తర్వాత పరీక్ష అయిపోయింది. ఆ దుప్పటి గొడవ వల్లే రిజల్టు ఆపి ఉంటారు. చూసి వదిలేస్తారనే అనుకుందాం.

అమ్మమ్మకు ఇవేమీ చదివి వినిపించకు. రిజల్టు వస్తుందట అని ఊరుకో. నీ సెమిస్టరు పరీక్షలకు నా గురించి ఆలోచిస్తూ కూర్చోకు. కళ్ళజోడు నంబరు మారిందేమో చూపించుకో. అక్కడ నువ్వు చదువుతుంటే ఇక్కడ నేను చదువుతున్నాననే ధైర్యంతోనే ఈ రెండేళ్ళు లాగాను.

ఇట్లు,
నీ అమ్మ, నీ దగ్గర ఫుట్‌నోట్లు నేర్చుకున్న మొద్దు శిష్యురాలు

తా.క. శుక్రవారం పొద్దున రాస్తున్నాను. నిన్న కవరు అంటించి, ఇప్పుడు మళ్ళీ చించాను. పైన రాసినవన్నీ నిజాలు కావు.

పరీక్ష అయిపోయిందన్నాను. అయిపోయింది, నేను రాయకుండానే. ఆ అమ్మాయి మూడోసారి దుప్పటి తీయమన్నప్పుడు నేను ల్యాప్‌టాప్ మూత మూసేశాను. తీస్తే అర నిమిషం పని. కానీ ఆ అర నిమిషం రికార్డై ఎక్కడో ఎవరి దగ్గరో ఉండిపోతుంది. ఆ బళ్ళలో కూర్చుని పోయేది నీ ఈడు పిల్లలే. అందుకే మూసేశాను. పేజీలో ‘పరిశీలనలో ఉంది’ అన్నది మొన్న సోమవారం దాకానే. మంగళవారం నుంచి సున్నా ఉంది. మధ్యలో లేచిపోయినవాళ్ళకు మళ్ళీ డిసెంబరులోనే పరీక్షట. పెద్దసారు కారణం రాసిస్తే చూస్తారేమో. కానీ ఆ గదిలో కూర్చోమన్నది ఆయనే, ఆ మాట కాగితమెక్కితే ఆయన మెడకు చుట్టుకుంటుంది. నేను అడగలేదు. మంగళవారమే ప్రత్యేకంగా అనుమతి అడిగి ఆస్పత్రికి ఫోన్ చేశాను. డిసెంబరు దాకా ఆగలేమని ఆ ఇంటర్వ్యూ ఆవిడ నెమ్మదిగానే చెప్పింది.

ఇంకొకటుంది, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. పరీక్ష మర్నాడు ఆ గది గుమాస్తా నా దుప్పటి మడతపెట్టి తెచ్చిచ్చాడు. దీన్ని ఎందుకు కప్పారు మేడం, రంగు వేయించాలని శనివారమే బోర్డంతా తుడిచేశాం కదా అన్నాడు. మనది కాని బోర్డు చదవకూడదని మాకు చేరిన మొదటి వారమే నేర్పుతారు. అందుకే నేను కట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని కట్టాను. దాని వెనక ఏమీ లేదు. గోడ అని ఆ అమ్మాయితో అబద్ధమాడాననుకున్నాను. తీరా ఆ మాటే నిజమైంది.

అతనికి థాంక్స్ చెప్పి దుప్పటి తీసుకున్నాను. ఒకసారి చూసి ఉంటే అని రోజూ అనుకుంటున్నాను. చూసేదాన్ని కానని కూడా నాకు తెలుసు.

డ్రాయర్లో కాగితం ఇప్పుడు లేదు. నీకీ ఉత్తరం మొదలుపెట్టకముందే సంతకం పెట్టి ఇచ్చేశాను. రెండేళ్ళు. డిసెంబరులో పరీక్ష రాస్తాను, పాసవుతాను కూడా. కానీ నేను వచ్చేసరికి నీ చదువు అయిపోయి ఏ ఊళ్ళో ఉంటావో. సెప్టెంబరుకల్లా వచ్చేస్తానని నీ మీద ఒట్టేసి చెప్పిన మాట నేనే తప్పాను, దానికి నువ్వు ఎంత కోప్పడినా పడతాను.

మేడ మీది గదులు ఇక మనకోసం ఉంచొద్దని ఇంటాయనకు నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.