నాన్న అద్దం కావాలి

అమ్మా,

అందరం బాగున్నాం. నీ మనవరాలు పదకొండో తరగతిలో లెక్కలు వదిలి సైకాలజీ తీసుకుందని నాన్న దానితో మాట్లాడటం మానేశారు. ఒప్పుకుని తప్పు చేశానేమోనని నేనూ నలిగిపోతున్నాను. నిన్న ప్రాక్టికల్ అంటూ, కాగితం నేరుగా కనపడకుండా అట్ట అడ్డుపెట్టి, దాని మీద అచ్చేసిన నక్షత్రం గీతల వెంబడి అద్దంలో చూస్తూ గీయమంది. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంటే చెయ్యి మాట వినలేదు, పెన్సిల్ విసిరేశాను. "నీ తప్పు కాదమ్మా, చెయ్యి ఇంకా నేర్చుకుంటోంది. మళ్లీ గియ్యి. తాతయ్యైతే చిటికెలో గీసేస్తాడు, రోజూ అద్దంలో చూసేగా గడ్డం గీసుకునేది!" అంది. ఆ ఓర్పు చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

నీ మోకాలు ఎలా ఉంది? వంటింటి పంపు కారడం ఆగిందా? దాని పరీక్షకి స్టాండున్న అద్దం కావాలి. నాన్న గడ్డం గీసుకునేది అడుగు. పార్సిల్ మాత్రం వద్దు, ఆయన్నే తెమ్మను. ఆయన చేత గీయించాలని ఒక నక్షత్రం కాగితం అది విడిగా దాచింది.

ఇద్దరికీ నమస్కారాలతో,
నీ పెద్దది