పక్కకు తప్పుకునేవాళ్ళు

ఆదివారం, మధ్యాహ్నం

నాన్నగారికి,

నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీ నడుం నొప్పి తగ్గిందని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఒక్క ముక్కే మామూలు గొంతుతో చెప్పింది. మిగతాదంతా నిష్ఠూరమే.

కారు ప్రకటన మీద నేను ఫిర్యాదు పెట్టానని తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో తలా ఒక కారణం కనిపెట్టారు. డ్రైవింగ్ నేర్పేవాడి కూతురినని చెప్పుకోవడం నాకు నామోషీ అట, నాలుగు అక్షరాలు వస్తే కన్నతండ్రి కూడా కంటికి ఆనడట. ఇది అత్త తీర్పు. జీతం పెంచలేదన్న కడుపుమంట కంపెనీ మీద చూపిస్తున్నానని అన్నయ్య. మీరేమో, దానికి బండి వెనక్కి తీయడమే రాదు, కారంటే భయం దానికి అని నవ్వేశారట. వెనక్కి తీయడం రాదన్నది నిజం. మిగతావేవీ కావు. ఎందుకు పెట్టావే అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రకటనకు ఎడిటింగ్ జరిగిన గదిలోనే నా కుర్చీ. అర నిమిషం బొమ్మ కోసం వారమంతా ఆ కారునే చూశాను. బస్సుకు అడ్డంగా దూసుకొస్తుంది. ఇరుకు మలుపులో వేగం తగ్గించదు. చేతిలో సంచితో నడుస్తున్న ఒకావిడ గోడ పక్కకు దూకుతుంది. అప్పుడు బొంగురు గొంతు ఒకటి, దారి నీది, తప్పుకోవడం వాళ్ళ పని అంటుంది. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో, మీరిలా నడపకండి అన్న హెచ్చరిక. దాన్ని కాస్త పెద్దది చేద్దామా అని అడిగాను. చదువుకుంటూ కూర్చునేవాడు కారేం కొంటాడమ్మా అన్నాడు డైరెక్టరు. అందరూ నవ్వారు.

మా వీధిలో పళ్ళ డాక్టరొకాయన ఉన్నాడు. సూది గుచ్చే ముందు మూడుసార్లు క్షమాపణ చెప్పే మనిషి. ఆ కారే కొన్నాడు. మొన్న బడి గేటు ముందు పిల్లలు రోడ్డు దాటుతుంటే తల బయటపెట్టి, తప్పుకోవడం మీ పని అని అరిచాడు. అరిచి, బాగా చెప్పానా అన్నట్టు నా వంక చూశాడు కూడా.

ప్రకటనలో స్టీరింగు మీద కనిపించే చేతులు మీవేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తున్నారని తెలుసు. ఆ మలుపు మాకూ నేర్పండి మాస్టారూ అని మీ దగ్గరికొచ్చేవాళ్ళు అడుగుతున్నారట. మీరు నేర్పుతున్నారట. మలుపులో హారన్ కొట్టి నెమ్మదించకపోతే చెవి మెలిపెట్టిన మనిషి మీరు. ఆ చెవి నాదే.

మాత్రలు మానకండి. అమ్మను నాతో మామూలుగా మాట్లాడమని బతిమాలకండి, తనకే బుద్ధి పుట్టినప్పుడు మాట్లాడుతుంది.

ఇట్లు,
మీ చిన్నది

తా.క.: ఇది పైన రాయడానికి చెయ్యి రాలేదు. మలుపులో దూకినావిడ నటి కాదు. షూటింగ్ రోజు రోడ్డు రెండువైపులా మూసేశామని మీకు చెప్పారు. పక్క సందుకు అడ్డం పెట్టడం మరిచిపోయారు. దూకాల్సిన నటి అప్పటికింకా మేకప్ దగ్గరే ఉంది. మీరు మలుపు దాటి వెళ్ళిపోయాక కూడా కెమెరా నడుస్తూనే ఉంది. ప్రకటనలో లేని ఆ ముక్క నేను చూశాను. ఆవిడ పడింది, లేవలేదు. ఏ నటి దూకుతుందిలా, ఇదే ఉంచండి అన్నాడు డైరెక్టరు.

వెతుక్కుంటూ వెళ్ళి ఆవిడను కలిశాను. యూనిఫారాలు కుట్టే ఆవిడ. తుంటి విరిగింది, ఇక మిషను తొక్కలేదు. ఆ ప్రకటన రాగానే కోడలు టీవీ కట్టేస్తుంది.

మీకు ఇదేదీ తెలియదని నాకు తెలుసు. మీ లైసెన్సు పోవచ్చు, డ్రైవింగ్ స్కూలు మూతపడవచ్చు. అదంతా ఆలోచించే రాస్తున్నాను. రేపు నా ఫిర్యాదు మీద విచారణ. కారు నడిపిందెవరని అడుగుతారు. మీ పేరు చెబుతాను.