ఇంటి ముందు వెండి

రాజమణీ, బాగున్నావా?

బతుకమ్మను సాగనంపిన వారానికే నువ్వూ వెళ్లిపోయావు. పది నెలలైంది. నేను బాగానే ఉన్నాను. కోడలు వద్దంటున్నా రెండోసారి చాయ్ తాగుతున్నాను. కళ్లెర్రజేయడానికి నువ్వు లేవన్న ధైర్యం...

ఈ ఉత్తరం మాత్రం ఒక తప్పు ఒప్పుకోవడానికి. నీ వెండాకు మొక్కల సంగతి.

ప్రహరీ గోడ పక్కన ఏం పెట్టాలని మనకెంత గొడవైందో గుర్తుందా? నేను ఎర్ర క్రోటన్లన్నాను. నీ షరతులు రెండే: ఏడాదంతా ఆకు నిలవాలి, గోడ ఎత్తు దాటకూడదు. హన్మకొండ నర్సరీకి వెళ్లి, మోకాలెత్తు కూడా లేని బూడిదరంగు మొక్కలు మూడు ఆటోలో వేసుకొచ్చావు. ఇవేంటి, పొయ్యిలోంచి తీసినట్టున్నాయి అన్నాను. నువ్వు కొంగు దోపి, గునపం పట్టుకుని, "దుకాన్ల స్టీలు మీది. ఇంటి ముంగట వెండి నాది" అన్నావు.

దవాఖానలో మంచం మీద కూడా వాటి ధ్యాసే నీకు. "నీళ్లెక్కువ పొయ్యకుండ్రి. వాటి ఫికర్ వద్దు, వాటి పని అవే చూస్కుంటయ్" అన్నావు. తలూపాను. విన్నానా మరి?

నలభై ఏళ్లుగా పొద్దున్నే షట్టర్ ఎత్తగానే బట్ట తీసి బిందెలూ గిన్నెలూ తుడిచే చెయ్యి నాది. నువ్వు వెండి అన్నావు... వెండి అంటే మెరవాలి కదా? ఆకుల మీది తెలుపు లారీల దుమ్మనుకున్నాను. రోజూ తడిబట్టతో ఒక్కో ఆకూ రుద్దాను. పచ్చగా తేలేది. ఎంత సంబరపడ్డానో! పైగా మొక్కకో బకెట్ నీళ్లు. నీ మొక్కలు తళతళలాడుతున్నాయని నీ ఫోటోకు చెప్పాను కూడా.

ఎండాకాలం వచ్చింది. వరంగల్ ఎండ నీకు చెప్పాలా? నీళ్లకు వేళ్లు కుళ్లి, ఎండకు ఆకు మాడి రెండు మొక్కలు పోయాయి. మూడోదానికి నాలుగాకులు మిగిలాయి. ఆ రోజు దుకాణం తెరవలేదు. నీ చేత్తో నాటిన చివరివి... వాటినీ పోగొట్టుకున్నానా అని గోడ పక్కనే కూర్చుని ఏడ్చాను.

ఒక రెమ్మ పట్టుకుని నీ నర్సరీకే వెళ్లాను. నీకు మొక్కలిచ్చిన ఆవిడే ఉంది. నా కథ విని నవ్వు ఆపుకోలేకపోయింది. అది దుమ్ము కాదట, ఆకు ఒంటి మీది సన్నని నూగట. ఎండకు దాని గొడుగు అదేనట. రోజూ పొద్దున్నే ఆ గొడుగు లాగేసింది నేనన్నమాట! మరి గుర్తుపట్టేదెలా అంటే, చిగురు చూడమంది. దుమ్ము పాత ఆకుల మీద పడుతుంది. ఇవాళే విచ్చిన చిగురు కూడా తెల్లగా ఉంటే అది సొంత రంగే. ఇంత చిన్న సంగతి నాకు అరవై నాలుగేళ్లకు తెలిసింది.

ఖాళీ అయిన రెండు చోట్లకూ కొత్తవి కావాలి కదా. ఖిలా గోడల దగ్గర తెల్ల జిల్లేడు బోలెడుంది, ఆకూ వెండిలాగే ఉంటుంది. కానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, మన మనవరాలి చేతులు ఊరుకోవు. నర్సరీలో ఒకటి భలే తెల్లగా ఉంది. చలికాలం దాటితే బతకదంది ఆవిడ. ఇంకొకటి చెట్టంత పెరుగుతుందట. చివరికి ఒకటి నీ రకమే తెచ్చాను, రెండోది మాచిపత్రి. ఆకు తిప్పి చూస్తే అడుగంతా వెండి. వినాయక చవితి పత్రి కోసం బజారంతా తిరిగేదానివి... ఇప్పుడు మన గోడ దగ్గరే ఉంది. ఈసారైనా నా ఎంపిక మెచ్చుకుంటావా?

అసలు కబురు ఇప్పుడు. మూడో మొక్క బతికింది! నీళ్లు తగ్గించి, ముట్టుకోకుండా దూరంగా నిలబడ్డాను, అంతే. చిగుళ్లు తెల్లగా వచ్చాయి. మొన్న ముసురు విడిచిన మర్నాడు చూద్దును కదా, కొమ్మల నిండా ఊదారంగు పువ్వులు! పూస్తుందని ఒక్క మాట చెప్పలేదేం? తెలిసే దాచావా? పూసిన రోజు నా మొహం చూసి నవ్వుదామనుకున్నావా?

ఆకుల మీద నాలుగు మట్టి చుక్కలు పడి ఉన్నాయి. నా చెయ్యి ఊరుకుంటుందా? బట్ట తీశాను కూడా... కాసేపు నిలబడి, ఇంట్లోకి వచ్చి నీ ఫోటో అద్దం తుడిచాను. దీన్ని ఎంత తుడిచినా నీకేం కాదు కదా.

చవితికి మాచిపత్రి మొదటి రెమ్మ తెంపి నీ దగ్గర పెడతాను. నీ వెండిని మాత్రం ముట్టుకోను, ఒట్టు. దాని పని అదే చూసుకుంటోంది. నేనూ నేర్చుకుంటున్నాను...

ఇట్లు,
నీ స్టీలాయన