నాలికమీద సోడా ఉప్పు

1978 జులై 14, శుక్రవారం. చిత్తూరు, కాలేజీ హాస్టలు.

నేనింక కెమిస్ట్రీలోనించి బయటపడను. నేనడిగింది హిస్టరీ గ్రూపు. అప్లికేషన్లో ఇది రాయించింది నాయన.

నిన్న మొదటి ల్యాబు. గాజుగిన్నెలో తెల్లపొడి పోసి, చూసి ఏమి తెలిసిందో చెప్పమన్నారు సారు. నేను వేలితో అద్దుకోని నాలికమీద పెట్టుకున్నాను. మా బెల్లం గానుగ కాడ ఏదైనా అట్లే కదా చూసేది. "సోడా ఉప్పు సార్" అన్నాను.

సారు కేకలేసినారు. "అది విషమైతే? రేపు మీ నాయన్ను పిల్చుకోని రా!"

ఎంత సంతోషమైందో నాకే తెలుసు. ఈ పిల్ల పనికిరాదని సారు చెప్తారు, గ్రూపు మారుస్తారు అనుకున్నాను.

ఈ పొద్దు నేను మండీకి పోయి చెప్తే, నాయన బెల్లం దించి, తువ్వాలతో మొగం తుడుచుకుంటా వచ్చినాడు. అంతా విని నవ్వినాడు. "చెరుకురసంలోకి సోడా ఎంతెయ్యల్లో రుచి సూసి చెప్పేది మా పాపే సార్. దాని నాలిక ఎప్పుడూ తప్పు చెప్పలే."

సారూ నవ్వేసినారు. "ఇంకెప్పుడూ నోట్లో పెట్టుకోవద్దు. కానీ ఇట్లాంటి పిల్లే నాకు కావల్ల" అని ముందు బెంచీలో కూర్చోబెట్టినారు.

తెలీదు సార్ అనుంటే సరిపోయేది. నోరు ఊరుకోదే.

బస్సెక్కతా నాయన బెల్లం పొట్లం చేతిలో పెట్టినాడు. "ఈసారి నువ్వు లేకుండా వండినాం పాపా. సోడా సరిపోయిందేమో సూసి చెప్పు."

పొట్లం ఈడే ఉండాది. చూడను. చూసినా చెప్పను.