బదులుకొచ్చిన కమిషనర్లు

ఫిబ్రవరి 27, గురువారం

పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఈ ఏడాది కొత్త పోస్టులు లేవు. కొత్త పైప్‌లైన్ లేదు. ఉన్నదాంతోనే సర్దుకోవాలట. మున్సిపల్ కమిషనర్‌ని నేనే, ఇంజనీర్ పనీ నాదే, రెవెన్యూ ఆఫీసర్ పనీ నాదే. అద్దం ముందు నిలబడి నా ఫైలు ఎందుకు పెండింగ్‌లో పెట్టావని నన్ను నేనే నిలదీసుకోవడం ఒక్కటే తక్కువ.

అసలు భయం నీళ్లు. ఊరికి నీళ్లిచ్చే సమ్మర్ ట్యాంక్ ఇప్పుడే సగానికి దిగింది. జూలై దాకా కాలువకి నీళ్లు రావు. మే నెలకే కుళాయిలు ఆగిపోయేలా ఉన్నాయి. ట్యాంకర్లు తిప్పడానికి డబ్బు లేదు.

ఒక ఐడియా వచ్చింది. సాయంత్రం కాకుండా తెల్లవారుజామున నీళ్లు వదిలితే, ఆ వేళ కరెంట్ రేటు తక్కువ కాబట్టి మోటార్ల బిల్లు తగ్గుతుంది. ఆ మిగులుతో మేలో ట్యాంకర్లు పెట్టొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంకో గరిటె నెయ్యి వేసుకున్నాను.

మార్చి 3, సోమవారం

పరువు పోయింది.

మొదటి రోజు కదా, నీళ్లు ఎలా వస్తున్నాయో చూద్దామని చీకటితోనే నేతవీధికి వెళ్లాను. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలన్నీ వీధి పొడుగునా చాచి, గంజి పూసి, కుంచెతో దువ్వుతారు. ఎండ ముదరకముందే అయిపోవాలి. లేకపోతే దారం పెళుసుబారుతుంది. అంటే ఆ గంటలో వీధి మొత్తం వాళ్లకి కావాలి. సరిగ్గా ఆ గంటలోనే నేను కుళాయిలు వదిలించాను. పక్క వీధుల వాళ్లు కూడా బిందెలతో దిగారు. తోపులాటలో దారాలు కట్టిన గుంజ ఊడి, ఒక పడుగు బురదలో పడింది. అందరి కాళ్లూ దాని మీదే.

ఆ పడుగు మల్లక్కది. ఆ వీధిలో పెద్దావిడ, గొంతు కూడా పెద్దదే. ఏమ్మా కమిషనరమ్మా, ఇన్నేండ్లుగా పొద్దుమునిగేటప్పుడు వస్తాన్న నీళ్లకు ఇప్పుడేం పుట్టింది, నీకు నిద్ర పట్టకపోతే మా మీదికి వదుల్తావా అని కడిగేసింది. నేను నోరు తెరిచేలోగా, ఆ మాటలు తర్వాత మాట్లాడదాం గానీ ముందు ఈ కొస పట్టుకో, మా అల్లుడు బిందెలోళ్లతో కొట్లాటకు పోయినాడు అంది. పట్టుకున్నాను. చీరంతా గంజి. గంటసేపు నిలబడ్డాను. గట్టిగా లాగు, తిండి తినలేదా అని మధ్యలో మళ్లీ తిట్టింది.

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. తప్పు చేసినందుకు కాదు. ఇంతకంటే మంచి ఉపాయం నా దగ్గర లేనందుకు.

మార్చి 4, మంగళవారం

నీళ్లు మళ్లీ సాయంత్రానికి మార్చాను. ట్యాంక్ ఇంకా దిగింది.

మార్చి 6, గురువారం

కేశవయ్య గారు ఫోన్ చేశారు. రిటైరైన కమిషనర్, డోన్‌లో ఉంటారు. ట్రైనింగ్‌లో మాకు పాఠాలు చెప్పారు. ఎట్లుండావు అరుణమ్మా అన్నారు. బాగున్నానన్నాను. నేను కూడా సర్వీసంతా బాగుండానని చెప్పి చెప్పి రెండు స్టెంట్లు ఏయించుకున్యా, ఆ మాట ఆపి శనివారం డోన్‌కు రా అన్నారు. చుట్టుపక్కల ఊళ్ల కమిషనర్లు రెండో శనివారం అక్కడ కలుస్తారట. అన్ని వైపుల నుంచీ రైళ్లున్నాయి కాబట్టి డోన్.

వెళ్లి ఏం చెప్పాలి? పడుగు సంగతా?

మార్చి 8, శనివారం

పడుగు సంగతే చెప్పాను.

స్టేషన్ దగ్గర చిన్న హోటల్. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కేశవయ్య గారి రూల్ ఒకటే. ప్రభుత్వాన్ని తిట్టాలంటే టిఫిన్ అయ్యాకే. టిఫిన్ అయ్యాక ఎవరికీ అంత ఓపిక ఉండదు. అప్పుడు ఆ నెలలో తాము చేసిన తెలివితక్కువ పని ఒక్కొక్కరూ చెప్పాలి. కడప వైపు ఒక ఊరికి కమిషనర్‌గా ఉన్న ప్రదీప్‌కుమార్ మొదలుపెట్టారు. కరెంట్ ఆదా చేద్దామని పౌర్ణమికి వీధి దీపాలు ఆపించారట. మబ్బు పట్టింది. ఆ చీకట్లో మురుగుకాలువలో పడ్డ మొదటి మనిషి ఆయనే. ఎవరు తీశారయ్యా అంటే, లైట్లు ఎందుకు లేవని అడగడానికొచ్చిన కౌన్సిలరేనట.

ఇంత నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వులోనే నాదీ చెప్పేశాను. మే నెల భయం కూడా చెప్పాను.

ఎవరూ సలహా ఇవ్వలేదు. కేశవయ్య గారు ఒకటే అడిగారు, మీ నాయన సేద్యం చేసినోడే కదా, కూలికి డబ్బుల్లేనప్పుడు ఏం చేసేటోడు అని. బదులాళ్లు, అన్నాను. ఈ రోజు వాళ్లు మా చేలో, రేపు మేము వాళ్ల చేలో. పైసా చేతులు మారదు. మనమూ అంతే, దుడ్లు ఎవని దగ్గరా లేవు, మనుషులుండారు అన్నారు. ఈసారి అరుణమ్మ ఊరికి పోదాం అని ప్రదీప్‌కుమార్ అనేశారు. నన్ను అడగను కూడా లేదు!

మార్చి 16, ఆదివారం

వచ్చారు. నిన్నా ఈరోజూ ఉన్నారు. నలుగురు కమిషనర్లు, వాళ్ల ఊళ్ల ఇంజనీర్లు, ఫిట్టర్లు. పోయే నీళ్లు ఆపితే కొత్త నీళ్లు తెచ్చినట్టేనని ప్రదీప్‌కుమార్ లెక్క. పైపుల్లోకి కాసేపు నీళ్లు వదిలించి, ఇనపకడ్డీ ఒక కొస నేల మీద, ఇంకో కొస చెవికి పెట్టుకుని, కింద పైపు కారుతున్న శబ్దం వింటూ వీధి వీధీ తిరిగారు. ఎండలో ఊరంతా పడుకున్న వేళ, రోడ్ల మీద వంగి నేలకి చెవులొగ్గి తిరిగే ఆఫీసర్లు. పిల్లలు వెనక పడ్డారు.

పాత మార్కెట్ వెనక దొరికింది. పైపు పగిలి మంచినీళ్లు నేరుగా మురుగుకాలువలోకి. ఎన్నేళ్ల నుంచో! అక్కడ గడ్డి పచ్చగా ఉంటే మేకలకి మంచి మేత అనుకుంటూ రోజూ దాటిపోయాను. చిన్నవి ఇంకా చాలా దొరికాయి. సాయంత్రానికి అందరూ బురదే.

మల్లక్క మజ్జిగ, బొరుగులు పంపింది. ఈళ్లంతా ఆఫీసర్లంటే నమ్మేదెట్ల అందట.

ఏప్రిల్ 2, బుధవారం

ట్యాంక్ నిలబడింది. అంటే దిగుతోంది గానీ నెమ్మదిగా. ఈ లెక్కన కాలువ వచ్చేదాకా లాగుతుంది. గట్టు మీద కూర్చుని ఆ నీళ్లనే చూస్తూ జామకాయ తిన్నాను. ఇంత సంతోషంగా ఏ జామకాయా తినలేదు.

బదులుకి నేనేం చేయాలని కేశవయ్య గారిని అడిగాను. నా దగ్గర ఇంజనీర్ లేడు, మెషిన్లు లేవు. తొందరపడాకు, పిలిచినప్పుడు పో, పిలవకముందే పోయి నిలబడితే బాకీ తీర్చి వదిలించుకున్యట్ల ఉంటాది అన్నారు.

పిలిస్తే మాత్రం ఏం పట్టుకెళ్లను? వాళ్లు నా ఊరిని నిలబెట్టారు. నాకు వచ్చింది పడుగు కొస పట్టుకోవడం, అదీ సరిగ్గా కాదు.

ఏప్రిల్ 10, గురువారం

ప్రదీప్‌కుమార్ ఫోన్. ఎండల గురించి మాట్లాడారు. మామిడికాయల గురించి మాట్లాడారు. మళ్లీ ఎండల గురించి. ఏమైందండీ అన్నాను. అప్పుడు చెప్పారు. జీతాలు ఆలస్యమై పారిశుద్ధ్య కార్మికులు ఆఫీసు ముందు కూర్చున్నారట. వాళ్లది న్యాయమేనట. రోజంతా వాళ్లకి జవాబు చెబుతూ, రాత్రంతా ఫండ్స్ కోసం ఫోన్లు. పడుకున్నా నిద్ర రావడం లేదట. బండి నడుపుతూ కునికిపాట్లు పడితే భయమేసిందన్నారు.

శనివారం డోన్‌కి బదులు మా ఊరికి రాగలరా అన్నారు. ఏం తీసుకురమ్మంటారన్నాను. ఏం వద్దు, ఊరికే రండి అన్నారు.

ఏప్రిల్ 12, శనివారం, మధ్యాహ్నం మూడు

ఆయన ఊళ్లో, ఆయన ఆఫీసులో ఉన్నాను. వచ్చేవాళ్లతో నేను మాట్లాడతాను, మీరు పడుకోండి అని కుర్చీలోంచి లేపాను. మీటింగ్ హాల్లో జంపఖానా మీద పడ్డారు. అడ్డంగా.

ఇందాక కార్మికులు నినాదాలిస్తూ లోపలికి వచ్చారు. నోటి మీద వేలు పెట్టి హాల్ తలుపు చూపించాను. ముందున్న వాళ్ల నాయకుడు ఏసేపు తొంగిచూసి, సారుకు ఒంట్లో బాగలేదా అన్నాడు. నిద్రపోతున్నారు అన్నాను.

ఏసేపు వెనక్కి తిరిగి అందరినీ కూర్చోమన్నాడు. సారు లేసినాక అరుస్తాం, మాకేం తొందర్లేదమ్మా అన్నాడు. ఒకామె చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి, ఫ్యాన్ ఆయన వైపు తిప్పి వచ్చింది.